ఎనిమిదిలో చేరిన తెలుగు అబ్బాయి: బెంగళూరు శివారు ప్రభుత్వ హైస్కూల్లో ఒక కేసు

బెంగళూరు తూర్పు శివారులోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. ఎనిమిదో తరగతిలో మా దగ్గర చేరిన ఒక తెలుగు అబ్బాయి కేసు ఇది. బడి పేరు, అబ్బాయి పేరు, వాళ్ల సొంతూరు రాయడం లేదు. కుటుంబాన్ని గుర్తుపట్టే ఒకటి రెండు వివరాలు మార్చాను. ఇది రాయడానికి కారణం ఉంది. "వాడికి కన్నడం రాదు" అని స్టాఫ్ రూములో అందరం అనుకున్న మాట నిజమే. కానీ ఆ మాట పట్టుకుని చేసిన ప్రయత్నాలు ఒకదాని తర్వాత ఒకటి వీగిపోయాయి. చివరికి పనిచేసింది భాష నేర్పడానికి మొదలుపెట్టిన పని కాదు, మా బడి చరిత్ర రాయడానికి మొదలుపెట్టిన పని. తేడా ఎక్కడ వచ్చిందో వలస పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లకు పనికొస్తుందని నా నమ్మకం.

బడి, దాని ఊరు

మా బడి ఉన్న చోటు ఒకప్పుడు చెరువు కింద పల్లె. రాగులు, కూరగాయలు, అక్కడక్కడ ద్రాక్ష తోటలు. 1940లో విమానాల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్, 1948లో టెలిఫోన్ల ఫ్యాక్టరీ ఐటీఐ వచ్చాక ఈ వైపు పల్లెల నుంచి మగవాళ్లు సైకిళ్ల మీద ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వెళ్లడం మొదలైంది. 1990లలో ఐటీ పార్కు వచ్చి భూముల ధరలు మారిపోయాయి. 2007లో చుట్టూ ఉన్న ఏడు నగరసభలనూ, ఒక పురసభనూ, 110 పల్లెలనూ పాత కార్పొరేషన్‌తో కలిపి బీబీఎంపీ అనే మహానగర పాలికె చేసినప్పుడు మా ఊరూ బెంగళూరులో కలిసింది. తోటలు లేఔట్లయ్యాయి, లేఔట్ల మీద అపార్ట్‌మెంట్లు లేచాయి.

బయటివాళ్లకు అంతగా తెలియని సంగతి ఒకటుంది. ఈ తూర్పు వైపు పాత ఊళ్లలో ఇంట్లో తెలుగూ బయట కన్నడమూ మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. హోసకోటె, చింతామణి, కోలారు దాకా ఇదే వరస. మాది కూడా ముళబాగిలు వైపు అలాంటి ఇల్లే. కాకపోతే ఆ పాత కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బళ్లకు పోతున్నారు. మా బళ్లో ఉండేది ఆ అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ల పిల్లలు, అక్కడ కాపలా కాసేవాళ్ల పిల్లలు, ఇళ్లల్లో పనిచేసేవాళ్ల పిల్లలు. రాయలసీమ, రాయచూరు, కలబురగి, తమిళనాడు, ఒడిశా, బిహార్, నేపాల్, అన్ని వైపుల నుంచీ వస్తారు.

హైస్కూలంటే ఇక్కడ ఎనిమిది, తొమ్మిది, పది. మాది కన్నడ మీడియం. మొదటి భాష కన్నడం, రెండోది ఇంగ్లీషు, మూడోది హిందీ. పదో తరగతి పబ్లిక్ పరీక్ష ఎస్‌ఎస్‌ఎల్‌సీలో మొత్తం 625 మార్కులైతే మొదటి భాష ఒక్కదానికే 125. పొద్దున పాలు, ప్రార్థనలో నాడగీతె (కర్ణాటక రాష్ట్రగీతం), మధ్యాహ్నం వేడి భోజనం, సాయంత్రం మైదానంలో ఖోఖో. సంవత్సరానికొకసారి ప్రతిభా కారంజి అనే సాంస్కృతిక పోటీల హడావుడి. బయటి నుంచి వచ్చిన పిల్లలు ఆటల్లోనూ భోజనంలోనూ వారం తిరక్కుండానే కలిసిపోతారు. తరగతి గదిలో మాత్రం అంత తొందరగా కలవలేరు.

సమస్య ఎలా కనిపించింది

ఆ అబ్బాయికి పదమూడేళ్లు. ఏడో తరగతి దాకా ఆంధ్రాలో ప్రభుత్వ బళ్లో చదివాడు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉండే పుస్తకాలు అక్కడివి. తండ్రి రాడ్ బెండింగ్ పని, తల్లి అదే సైటులో కూలి. రేకుల షెడ్లలో నివాసం. నాలుగేళ్ల చెల్లెలుంది. టీసీ లేకుండా జూన్ చివర్లో వచ్చారు. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు కాబట్టి హెడ్‌మాస్టరు గారు ఆ రోజే చేర్చుకున్నారు.

మొదటి యూనిట్ టెస్టులో కన్నడం పేపరు మీద పేరు, రోల్ నంబరు తప్ప ఏమీ లేదు. సైన్సు, సోషల్ కూడా దాదాపు అంతే. పిలిస్తే లేచి నిలబడతాడు, నోరు విప్పడు. పొద్దున ఆలస్యంగా రావడం, కొన్ని రోజులు అసలు రాకపోవడం. ఆగస్టు వచ్చేసరికి స్టాఫ్ రూములో అతని గురించి రెండు అభిప్రాయాలు స్థిరపడ్డాయి. ఒకటి, మందబుద్ధి. రెండు, సైటులో పనికి పోతున్నాడు. రెండూ తప్పని తేలడానికి టైం పట్టింది.

వీగిపోయిన ప్రయత్నాలు

మొదట పక్కన ఒక తెలుగు పిల్లవాడిని కూర్చోబెట్టాం. ఆ రెండో అబ్బాయి కుటుంబం ఇక్కడ స్థిరపడి చాలా కాలమైంది, కన్నడం బాగా వచ్చు. ఖర్చు లేని పని, ఎవరైనా మొదట చేసేది ఇదే. కొన్నాళ్లకే దాని ఫలితం కనబడింది. మా అబ్బాయి బోర్డు వైపు చూడడం మానేసి స్నేహితుడి నోటి వైపు చూడసాగాడు. టీచర్లు కూడా ప్రశ్న ఇతన్ని అడిగి జవాబు అతని దగ్గర తీసుకునేవారు. ఆ స్నేహితుడు రాని రోజు ఇతనూ వెనక్కి తిరిగి ఇంటికి పోయేవాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలు వాళ్ల పక్కన చేరారు, దానికి "ఆంధ్రా బెంచి" అని పేరు పడింది. సాయం చేస్తున్న పిల్లవాడి మార్కులు తగ్గాయని వాళ్లమ్మ వచ్చి అడిగింది. ఆమె అడగడంలో న్యాయముంది. పదమూడేళ్ల పిల్లవాడు రోజంతా ఇంకొకడికి అర్థం చెబుతూ కూర్చుంటే తను ఎప్పుడు వింటాడు? ఆ ఏర్పాటు ఆపేశాం.

తర్వాత సాయంత్రం బడి వదిలాక అక్షరాల క్లాసు పెట్టాం. చట్టం నాలుగో సెక్షన్ వయసుకు తగ్గ తరగతిలో చేర్చమంటుంది, వెనకబడిన చోట ప్రత్యేక శిక్షణ ఇవ్వమంటుంది. ఆ ఆలోచనతోనే ఒకటో తరగతి వాచకం తెప్పించి మొదటి నుంచి మొదలుపెట్టాం. అది రెండు కారణాలతో ఆగిపోయింది. సాయంత్రం చెల్లెల్ని చూసుకోవాల్సింది ఇతనే. తల్లి చీకటిపడ్డాక గానీ షెడ్డుకు రాదు. రెండో కారణం ఇంకా గట్టిది. కిటికీ బయట తొమ్మిదో తరగతి వాళ్లు ఖోఖో ఆడుతుంటే, లోపల మీసం మొలిచే వయసు పిల్లవాడు బొమ్మల వాచకం ముందు పెట్టుకుని కూర్చోవాలి. పుస్తకాన్ని చేత్తో కప్పుకునేవాడు. ఆ తర్వాత రావడం మానేశాడు.

ఈ దశలో ఒక సహోద్యోగి, పక్క ప్రాథమిక శాలలో ఆరో తరగతికి దింపితే మేలన్నారు. వద్దన్నాం. చట్టం ఒప్పుకోదన్నది ఒక సంగతి. అంతకంటే ముఖ్యం, ఆరులో ఉన్నదీ కన్నడ మీడియమే. సమస్య అలాగే ఉంటుంది, పైగా తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చోవాలి. తెలుగు మొదటి భాషగా ఎస్‌ఎస్‌ఎల్‌సీ రాసే వీలు కర్ణాటక బోర్డులో ఉంది. కానీ తెలుగు టీచరున్న ప్రభుత్వ హైస్కూలు ఆ షెడ్ల నుంచి రోజూ వెళ్లిరాగల దూరంలో లేదు.

తండ్రి మాత్రం ఒక నిర్ణయానికి వచ్చేశాడు. "మేడమ్, ఈడ చదువు వానికి ఎక్కదు. మా యమ్మ కాడ ఇడిచిపెడతా, ఆడ్నే చదువుకుంటాడు" అన్నాడు. తీసిపారేయాల్సిన మాట కాదది. భాష దృష్ట్యా చూస్తే అదే సరైన దారి కూడా. మేం అడ్డు చెప్పలేదు. దసరా సెలవుల దాకా ఆగమని మాత్రం అడిగాం. నాయనమ్మకు వయసు మీదపడింది, పొలం లేదు. ఊళ్లో ఉంటే పిల్లవాడు బడికి పోతాడో లేదో చూసేవాళ్లు లేరు. ఇక్కడ చెల్లెల్ని చూసేవాళ్లూ ఉండరు. అన్నిటికీ మించి, అబ్బాయికి అమ్మానాన్నల దగ్గరే ఉండాలనుంది. ఆ సంగతి అతను నోటితో చెప్పలేదు. తండ్రి మాట్లాడుతున్నంతసేపూ చెల్లెలి చెయ్యి వదల్లేదు.

మళ్లీ మొదటి నుంచి చూడడం

ఇక కొత్త ఉపాయాలు వెతకడం ఆపి, అసలు ఏం జరుగుతోందో చూడాలనుకున్నాం. కన్నడ మేడమ్, లెక్కల సారు, నేను ముగ్గురం కూర్చున్నాం.

లెక్కల సారు పేపర్లు తీశారు. అంకెలతో ఇచ్చిన లెక్కలు సరిగ్గా చేశాడు. మాటల్లో ఇచ్చిన లెక్కలు ముట్టుకోలేదు. అలాంటి లెక్కొకటి, వడ్డీ లెక్క, నేను మధ్యాహ్నం భోజనం తర్వాత అతనికి తెలుగులో చదివి వినిపించాను. నేను పూర్తిగా చదవకముందే నోట్‌బుక్ మార్జిన్లో జవాబు రాసి చూపించాడు. మందబుద్ధి అన్న మాట అక్కడితో పోయింది.

హాజరు పట్టీని టైంటేబుల్ పక్కన పెట్టి చూశాం. ఈ కేసులో అన్నిటికంటే పనికొచ్చిన పని ఇదే. కన్నడం మొదటి పీరియడ్ ఉన్న రోజుల్లోనే అతను ఆలస్యంగా వస్తున్నాడు, లేదా రావడం లేదు. కన్నడం మధ్యాహ్నం ఉన్న రోజుల్లో ప్రార్థనకు ముందే గేటు దగ్గర ఉంటున్నాడు. సైటు పనే కారణమైతే ఇలా టైంటేబుల్ చూసుకుని రాకుండా ఉండడు కదా. మొదటి పీరియడ్‌లో కన్నడ పాఠం పైకి చదివించడం మా బళ్లో అలవాటు. వరసలో ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా చదవాలి. తన వంతు వస్తుందన్న టెన్షన్‌తోనే తప్పించుకుంటున్నాడు.

మూడోది చదవడం. ఎవరూ లేనప్పుడు కన్నడ మేడమ్ ఒక పేరా ఇచ్చి తీరిగ్గా చదవమన్నారు. చదివాడు! నెమ్మదిగా, వేలు పెట్టుకుని, కానీ చదివాడు. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి వచ్చినవి. గ, ల, వ, స, బ లాంటివి తెలుగు పిల్లలు నేర్పకుండానే గుర్తుపడతారు. అతను ఆగిన చోట్లు మేడమ్ పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నారు. క, త అక్షరాల దగ్గర ఆగాడు, వాటి ఆకారం కన్నడంలో బాగా వేరు. ఏ, ఓ దీర్ఘాలకు కన్నడంలో పక్కన విడిగా ఒక గుర్తు వస్తుంది, దాన్ని వదిలేశాడు. అన్నిటికంటే ఎక్కువ తడబడింది అర్కావత్తు దగ్గర. "సూర్య" రాయాలంటే తెలుగులో ర రాసి కింద యవత్తు పెడతాం. కన్నడంలో య ముందు రాసి, ర కోసం దాని తర్వాత ఒక గుర్తు పెడతారు. అతను "సూయ" అని, ఆ గుర్తు దగ్గర నోరు తెరిచి ఉండిపోయాడు. మా బడి బోర్డు మీద ఉన్నది "సర్కారి ప్రౌఢశాలె". మొదటి మాటలోనే అర్కావత్తు ఉంది. రోజూ దాని కిందుగానే లోపలికి వస్తున్నాడు.

అంటే ఒకటో తరగతి వాచకంతో పనే లేదు. నేర్పాల్సిన అక్షరాలు, గుర్తులు ఒక కార్డు మీద పడతాయి. మేడమ్ నిజంగానే కార్డులు చేశారు. సూర్య, ధర్మ, మార్గ, వర్ష, తీర్పు లాంటి రెండు భాషల్లోనూ ఉన్న మాటలు ఒక వైపు కన్నడంలో, వెనక తెలుగులో. కన్నడ హ చాలా చోట్ల మన ప అని కూడా చెప్పారు. పాలు హాలవుతుంది, పులి హులి అవుతుంది. పొద్దున ప్రార్థనకు ముందు కాసేపు, గ్రంథాలయం గదిలో, తలుపు వేసుకుని. సాయంత్రం పెట్టలేదు, కారణం ముందే రాశాను. పైకి చదివించేటప్పుడు ఇతని పేరా ఏదో ముందు రోజే చెప్పేవారు.

దాంతో ఆలస్యాలు తగ్గాయి. చదవడం కుదుటపడింది. కానీ రాయడం రాలేదు, తరగతిలో నోరు విప్పడం లేదు. పరీక్ష పేపరు ఇంకా ఖాళీగానే ఉంది. చదివింది అర్థమైందా అని అడిగితే తల ఊపేవాడు. సొంతంగా ఒక వాక్యం రాయమంటే పెన్ను మూత పెట్టేసేవాడు. తప్పు రాస్తే అందరికీ తెలిసిపోతుంది, రాయకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. అతని లెక్క అది. ఆ లెక్కలో తప్పేమీ లేదు కూడా. మేం అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు మాకు ముందే తెలుసు, పక్క పిల్లలకూ తెలుసు. తెలియనివాడు తనొక్కడే.

దాఖలా పుస్తకం

ఆ సంవత్సరం జనవరిలో వార్షికోత్సవానికి బడి చరిత్ర మీద ఒక చిన్న ప్రదర్శన పెట్టాలని నేను అంతకుముందే అనుకుని ఉన్నాను. ఎనిమిదో తరగతి చరిత్ర పుస్తకంలో మొదటే ఆధారాల గురించి పాఠం ఉంటుంది. రాగిశాసనాల కంటే ముందు ఆఫీసు గది బీరువాలో ఉన్న దాఖలా పుస్తకాలు (అడ్మిషన్ రిజిస్టర్లు) చూపిస్తే ఆధారమంటే ఏమిటో పిల్లలకు బాగా తెలుస్తుంది.

పాత దాఖలా పుస్తకాల్లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, తండ్రి వృత్తి, బడి వదిలిన తేదీ, కారణం, అన్నీ ఉంటాయి. వాటిని పిల్లల చేతికి నేరుగా ఇవ్వలేదు. అందులో ఉన్నవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు, కులం గడి తరగతి గదిలోకి వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. హెడ్‌మాస్టరు గారి అనుమతితో సంవత్సరం, మాతృభాష, తండ్రి వృత్తి, బడి వదిలిన కారణం, ఈ నాలుగే విడి కాగితాల మీదికి ఎత్తి రాసి ఇచ్చాం. పేర్లు లేవు.

పిల్లలు వాటిని గుంపులుగా కూర్చుని విడదీశారు. పాత పేజీల్లో తండ్రి వృత్తి దగ్గర "వ్యవసాయ" తప్ప ఇంకోటి అరుదు. తర్వాత ఫ్యాక్టరీల పేర్లొచ్చాయి. ఆ తర్వాత డ్రైవరు, సెక్యూరిటీ, "గారె కెలస", అంటే తాపీ పని. ఒక అమ్మాయి వేలు పెట్టి "ఇది మా నాన్న పని" అంది. బడి వదిలిన కారణాల్లో ఆడపిల్లల పక్కన పెళ్లి అని చాలా చోట్ల ఉంది. దాని మీద తొమ్మిదో తరగతి అమ్మాయిలు పెద్ద చర్చ చేశారు, అది వేరే రాయాల్సిన విషయం. మాతృభాష గడిలో మొదటి సంవత్సరాల్లో వరసగా తెలుగు, తెలుగు, కన్నడం, తెలుగు. పిల్లలు నమ్మలేదు. ఎత్తి రాయడంలో పొరపాటని ఒకడు నా దగ్గరకొచ్చాడు. మా అబ్బాయి ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. అందులో ఉన్నది కన్నడ అక్షరాల్లో రాసిన "తెలుగు" అన్న మాటే. దాన్ని చదవడానికి అతనికి కార్డు అవసరం రాలేదు.

తర్వాత పని, ఆ కాలంలో ఇక్కడ చదివిన పెద్దవాళ్లను కలిసి అడగడం. ఊళ్లో ఉన్న ముసలివాళ్లకు కన్నడం వచ్చు. కానీ పాత సంగతులు చెప్పమంటే తెలుగులోకి జారిపోతారు. మా కన్నడ పిల్లలకు ఆ తెలుగు సగమే అందుతుంది. కన్నడ మేడమ్ అప్పుడొక మాట చెప్పారు. ఈ కేసును మలుపు తిప్పింది ఆమె చెప్పిన ఆ ఉపాయమే, నాది కాదు. "ఆయన తెలుగులో చెప్పింది చెప్పినట్టు ఆ అబ్బాయిని రాయనివ్వండి, కన్నడ అక్షరాల్లో. భాష తర్వాత చూసుకుందాం" అన్నారు.

అందులో ఉన్న తెలివి నాకు పని జరిగేకొద్దీ తెలిసింది. కన్నడంలో రాయడమంటే అతని మీద రెండు బరువులు, లిపి ఒకటి, మాటలు ఒకటి. తెలుగు మాటల్ని కన్నడ లిపిలో రాస్తే ఒకటే బరువు. తప్పు రాశాడని దిద్దడానికి పక్కవాడికి ఆ తెలుగు రాదు. మొదటిసారి, తరగతిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఇతనికే తెలుసు.

హెడ్‌మాస్టరు గారికి ఒక అనుమానం ఉండింది. కన్నడ ప్రభుత్వ బళ్లో తెలుగు చరిత్ర అంటూ ఏదో చేస్తున్నారని మాట వస్తే? ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 1980ల మొదట్లో బళ్లల్లో కన్నడానికే మొదటి భాష స్థానం కావాలన్న గోకాక్ ఉద్యమం నాటి నుంచి బళ్లో మొదటి భాష ఏదన్నది ఇక్కడ సున్నితమైన విషయం. అందుకే ముందే కొన్ని మాటలు ఖాయం చేసుకున్నాం. గోడకు ఎక్కే ప్రతి కాగితం కన్నడంలోనే ఉంటుంది. ఎవరు ఏ భాషలో చెప్పినా వింటాం. తమిళం, ఉర్దూ మాట్లాడే పాత విద్యార్థుల్నీ అడుగుతాం. ప్రదర్శన కన్నడ రాజ్యోత్సవం (రాష్ట్ర అవతరణ దినం) రోజున కాదు, వార్షికోత్సవం రోజున. పెద్దగా ఒత్తిడి లేకుండా బడి అభివృద్ధి కమిటీ ఎస్‌డీఎంసీ కూడా ఒప్పుకుంది. ఆ కమిటీలో ఇద్దరు పాత ఊరివాళ్లే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే.

ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద జరిగిన మాటలు కొంచెం రాస్తాను. ముగ్గురు పిల్లలు వెళ్లారు. మా అబ్బాయి, ఒక కన్నడ అమ్మాయి, ఒక రాయచూరు పిల్లవాడు. నేను కాస్త దూరంగా కూర్చున్నాను.

"తాతా, మీరు చదివేటప్పుడు బడి ఎట్లుండె?" అని మా అబ్బాయి అడిగాడు.

ఆయన ఇతన్ని ఎగాదిగా చూసి, "ఏ ఊరప్పా నీది?" అన్నారు. చెప్పాడు. "అబ్బో, ఆడ్నించి వచ్చినావా! మా పెద్దమ్మోళ్లది ఆ పక్కే" అని ఇంట్లోకి కేకేసి మజ్జిగ తెప్పించారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. "గోడలు యాడుండె నాయనా. కానుగ చెట్టు కింద కూర్చుంటాంటిమి. వానొస్తే బడి బంద్. రాళ్లు మేమే మోసినాం, మనిషికొక రాయి. ఇంట్లో తెలుగే కదా, అయ్యవారు కన్నడంలో ఏం చెప్తాండాడో మొదటి ఏడు నాకేమీ తెలీలే. కొడితే ఎందుకు కొడ్తాండాడో కూడా తెలీలే."

మా అబ్బాయి రాస్తున్నవాడు తల ఎత్తాడు. "మళ్ల ఎట్ల నేర్చుకున్నారు తాతా?" ఆ ప్రశ్న మేం రాసిచ్చిన కాగితంలో లేదు.

"ఆడుకుంటా నేర్చుకున్నా. సంతకు పోయి నేర్చుకున్నా. ఐటీఐలో రిటైర్ అయితిని, నా పెన్షన్ కాయితాలన్నీ కన్నడంలో నేనే రాసుకున్నా" అన్నారాయన.

తిరిగొచ్చేటప్పుడు ఆ కన్నడ అమ్మాయి ఇతని వెంటపడింది. కానుగ అంటే ఏమిటి, ఎందుకు నవ్వారు, రాళ్ల గురించి ఏమన్నారు? ఆ ప్రశ్నలకు జవాబులు కావాలంటే ఇతనే చెప్పాలి, తెలుగురాని అమ్మాయికి కన్నడంలోనే చెప్పాలి. చేతులు ఊపుతూ, వచ్చిన నాలుగు మాటలు కలుపుతూ చెప్పాడు. ఎవరూ తప్పు పట్టలేదు. ఆమెకు కావాల్సింది సంగతి.

మర్నాడు నుంచి పని అలాగే సాగింది. ఇతను కన్నడ లిపిలో రాసుకున్న తెలుగు చదివి వినిపిస్తాడు, అర్థం చెబుతాడు. ఆ అమ్మాయి కన్నడ వాక్యం కడుతుంది. ఆయన అన్నది అది కాదని ఇతను దిద్దుతాడు. మళ్లీ కడతారు. మేడమ్ ఆఖర్న చూస్తారు. మొదట్లో పక్కన తెలుగు పిల్లవాడిని కూర్చోబెట్టిన ఏర్పాటుకూ దీనికీ తేడా నాకు ఇక్కడే తెలిసింది. అక్కడ ఇతను ఎప్పుడూ అడిగి పుచ్చుకునేవాడు. ఇక్కడ అవతలివాళ్లు ఇతన్ని అడిగి పుచ్చుకుంటున్నారు. పక్కన మనిషిని పెట్టడం రెండు చోట్లా ఉంది. చెప్పే మాట ఎవరి దగ్గర ఉందన్నదే మారింది.

జనవరిలో చెట్టు కింద బడి గురించిన చార్టు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకు చదివి చెప్పింది ఇతనే. ప్రాథమిక శాల పిల్లలకు, తల్లిదండ్రులకు, ఎస్‌డీఎంసీ వాళ్లకు. చదివిన పేరాలన్నీ తను సగం కట్టినవే కాబట్టి తడుముకోలేదు. తండ్రి ఆదివారం కాకపోయినా సైటులో అరపూట అడిగి వచ్చాడు. పాత ఊరి పెద్దలు ఆయనతో తెలుగులో మాట్లాడితే ఆశ్చర్యపోయాడు. అప్పటిదాకా ఆయనకు ఈ బడి కన్నడవాళ్ల బడి.

ఏం మారింది, ఏం మారలేదు

మార్చి పరీక్షలో కన్నడం పేపరు ఖాళీగా లేదు. చిన్న జవాబులు రాశాడు, తప్పులతో. వ్యాసం అర పేజీ రాశాడు. సోషల్, సైన్సుల్లో బాగా పుంజుకున్నాడు. లెక్కల్లో మాటల లెక్కలు ఇప్పటికీ రెండుసార్లు చదువుకుంటాడు. హిందీలో మాత్రం ముందు నుంచీ మా పిల్లల కంటే మెరుగే. దాన్ని ఆగస్టులో ఎవరమూ గమనించి ఉంటే మందబుద్ధి అన్న మాట పుట్టేదే కాదు.

పాఠ్యపుస్తకంలోని హళగన్నడ (పాత కన్నడ) పద్యాలు అతనికి అందలేదు. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలకే అవి కష్టం. 125 మార్కుల మొదటి భాష పదో తరగతిలో ఎలా గట్టెక్కుతాడన్న బెంగ నాకు ఇంకా ఉంది. ఒక ప్రదర్శనతో ఆ దూరం తరగదు. ఆంధ్రా బెంచి అనే పేరు కూడా పూర్తిగా పోలేదు, కాస్త మెత్తబడింది.

ఇదే పద్ధతి అందరికీ సరిపోతుందని నేను చెప్పడం లేదు. ఒడియా, నేపాలీ పిల్లలకు లిపి వేరు, ఊళ్లో వాళ్ల భాష మాట్లాడే పెద్దవాళ్లు లేరు. వాళ్ల దగ్గర ఏముందో, మాకు తెలియనిది ఏం తెలుసో వేరేగా వెతకాలి. మరుసటి సంవత్సరం ఒక ఒడియా అమ్మాయితో సైటుల మ్యాపు గీయించాం. వాళ్ల నాన్న పనిచేసిన ప్రతి అపార్ట్‌మెంటూ ఆమెకు తెలుసు, ఏది ఏ చెరువు పక్కదో కూడా చెప్పింది. అది కొంత నడిచింది, ఇంకా చూస్తున్నాం. చేతిలో ఉన్న సాధనాల్లో అందరికీ పనికొచ్చేది హాజరు పట్టీని టైంటేబుల్ పక్కన పెట్టి చూడడం. దానికి ఏ భాషా అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు.

తొమ్మిదో తరగతి సగంలో సైటు పని అయిపోయి ఆ కుటుంబం నగరానికి పడమటి వైపు కొత్త సైటుకు మారింది. ఆన్‌లైన్లో అతని రికార్డు కొత్త బడికి మార్చడం తేలికే. కానీ ఆ రికార్డులో మార్కులూ హాజరూ తప్ప ఇంకేమీ ఉండవు. కొత్త బళ్లో మళ్లీ బొమ్మల వాచకం దగ్గరికి పోకూడదని ముగ్గురం కలిసి ఒక పేజీ రాసి, హెడ్‌మాస్టరు గారి సంతకంతో టీసీకి జతచేసి తండ్రి చేతికిచ్చాం. అందులో ఉన్నవి ఇవి. అక్షరాలు వచ్చు, మొదటి నుంచి మొదలుపెట్టొద్దు. అర్కావత్తు దగ్గర ఇంకా ఆగుతాడు. పైకి చదివించాల్సిన పేరా ముందు రోజు చెప్పండి. అదనపు క్లాసు పెడితే పొద్దున పెట్టండి, సాయంత్రం చెల్లెల్ని చూసుకోవాలి. వడ్డీ లెక్కలు నోటితో చేస్తాడు. పెద్దవాళ్లను ప్రశ్నలు అడగడం బాగా వచ్చు, అది వాడుకోండి.

అక్కడి కన్నడ టీచరు కొన్నాళ్లకు ఫోన్ చేసి, ఆ కార్డులు ఇంకో సెట్టు ఉంటే పంపమన్నారు. వాళ్ల బళ్లో అలాంటి పిల్లలు ఇంకా ఉన్నారట. మేడమ్ కొత్తవి రాసి పంపారు. ఈసారి పైన క, త అక్షరాలు కూడా పెద్దగా రాశారు.